పందికొక్కు దిగ్విజయం

ఒక తెలుగు మాట సముద్రాలు దాటి, దాదాపు ముప్ఫై ఏళ్ళుగా దేశదేశాల పిల్లల నోళ్ళలో నానుతూ ఉన్నదంటే వినడానికి ఎవరికైనా ఆనందంగానే ఉంటుంది. ఆ మాట 'వెన్నెల' కాదు, 'తేనె' కాదు, 'పందికొక్కు' అని తెలిసేసరికి ఆ ఆనందం సగం నీరుగారిపోతుంది. అయినా ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పుకోవాలి కదా. ఇంగ్లీషువాళ్ళు 'బాండికూట్' అనే మాట మన పందికొక్కే. వీడియో ఆటల లోకంలో పేరు మోసిన 'క్రాష్ బాండికూట్' అనే నాయకుడి ఇంటిపేరు కూడా అదే.

ఆ ఆట ఎరగని పెద్దల కోసం రెండు మాటలు. 1996 సెప్టెంబరులో, అమెరికాలో, సోనీ కంపెనీవారి ప్లేస్టేషన్ అనే యంత్రం మీద ఆడుకోవడానికి వచ్చిన ఆట అది. కథానాయకుడు నారింజరంగు జంతువు. రెండు కాళ్ళ మీద నడుస్తాడు. నీలం నిక్కరు, ఎర్ర బూట్లు, చేతులకు తొడుగులు. నోరు తెరిచి ఒక్క మాట మాట్లాడడు గాని పళ్ళన్నీ కనిపించేలా ఇకిలిస్తాడు. ప్రతినాయకుడు ఒక సైంటిస్టు, పేరు డాక్టర్ నియో కార్టెక్స్. జంతుశాస్త్రం చదివే మిత్రులకు ఈ పేరులోని చమత్కారం వెంటనే తడుతుంది: క్షీరదాల మెదడులో ఆలోచనకు ఆధారమైన పైపొర పేరే అతగాడికి పెట్టారు. అడవి జంతువులను పట్టుకొచ్చి, యంత్రంలో కూర్చోబెట్టి, తెలివిగల సైన్యంగా మార్చాలని అతని పన్నాగం. మన వాడి విషయంలో ఆ ప్రయోగం బెడిసికొడుతుంది. వాడు కోటలోంచి పారిపోయి సముద్రపు ఒడ్డున పడి, మూడు దీవులు దాటుకుంటూ, దారిలో పెట్టెలు పగలగొట్టుకుంటూ, పండ్లు ఏరుకుంటూ, తిరిగి ఆ కోట మీదికే దండెత్తుతాడు. పెట్టెలను గుద్ది పగలగొడతాడు కనుక 'క్రాష్' అన్నారు. మరి 'బాండికూట్' ఎందుకన్నారు? అసలు కథ అక్కడే ఉంది.

ముందు మన ఊరి సంగతి చూద్దాం. పంది, కొక్కు - రెండూ అచ్చ తెలుగు మాటలు. కొక్కు అంటే పెద్ద ఎలుక. వినాయకుడికి మన నిఘంటువుల్లో 'కొక్కురౌతు' అనే పేరు ఉన్నదని తెలుగు లెక్చరర్లకు విదితమే. ఒళ్ళు బిరుసు వెంట్రుకలు, మొద్దు ముట్టె, కోపం వస్తే పందిలాగా గురగురమనే గొంతు ఉన్న కొక్కు కాబట్టి పందికొక్కు. పేరు పెట్టినవాడు ఎవడోగాని జంతువును దగ్గరగా చూసినవాడు, బహుశా కలుగు తవ్వి, అది ఎదురు తిరిగితే వెనక్కి గెంతినవాడు. ఇంగ్లీషువాళ్ళు 17వ శతాబ్దిలో మచిలీపట్నంలో, మన విశాఖపట్నంలో, చెన్నపట్నంలో కోఠీలు కట్టుకుని, గోదాములు నింపుకుని కూర్చున్నారు. గోదాము ఉన్నచోట పందికొక్కు ఉంటుంది. ఇది ఏమిటి అని వాళ్ళు అడిగి ఉంటారు, మనవాళ్ళు చెప్పి ఉంటారు. తెల్లవాళ్ళ నోట పడ్డ తెలుగు మాటకు ఏ గతి పడుతుందో వాల్తేరు, బిమ్లీపట్నం పేర్లు చూస్తే తెలియదా? పందికొక్కు బాండికూట్ అయింది. 1886లో యూల్, బర్నెల్ అనే ఇద్దరు దొరలు అచ్చువేసిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువులో ఈ మాట తెలుగునుంచే వచ్చిందని స్పష్టంగా రాశారు.

అంతటితో ఆగలేదు. 1873లో జాన్ ఎడ్వర్డ్ గ్రే అనే శాస్త్రజ్ఞుడు ఈ ఎలుకల ప్రజాతికి 'బాండికోటా' అని లాటిన్ వాసన కొట్టే పేరు పెట్టాడు. కనుక మనం రికార్డులో వంకర అక్షరాలతో రాసే 'బాండికోటా ఇండికా', 'బాండికోటా బెంగాలెన్సిస్' అనే శాస్త్రీయ నామాలలో మొదటి సగం తెలుగే. మొదటిది పెద్ద పందికొక్కు, కిలో వరకూ తూగేది. ఇళ్ళ పునాదులు, మురుగుకాలువలు, గోదాములు దాని రాజ్యం. రెండవది చిన్నది, చేలల్లో ఉండేది. రైతు పరిభాషలో రెండింటికీ ఒకటే పేరు, ఒకటే తిట్టు. హిందీలో దీన్ని 'ఘూస్' అంటారు. లంచానికీ వాళ్ళు అదే మాట వాడతారు. మన ఊళ్ళలో కూడా అడ్డంగా మేసేవాడిని పందికొక్కుతోనే పోలుస్తారు కనుక ఈ విషయంలో ఉత్తరానికీ దక్షిణానికీ భావసమైక్యత సిద్ధించిందనే చెప్పాలి.

సరే, ఇక ఓడ ఎక్కుదాం. 1788లో ఇంగ్లీషువాళ్ళు ఆస్ట్రేలియాలో సిడ్నీ దగ్గర వలస స్థాపించారు. కొత్త దేశంలో ఏ చెట్టు చూసినా, ఏ జంతువు చూసినా వాళ్ళకు పేరు తెలియదు. ఎరిగిన పేర్లే తగిలించారు. సూదిమూతితో, వంగిన వీపుతో, రాత్రిపూట నేల తవ్వుకుంటూ తిరిగే ఒక చిన్న జంతువును చూసి, అచ్చం ఇండియాలోని బాండికూట్‌లా ఉందే అనుకున్నారు. 1799లో జార్జ్ బాస్ అనే నావికుడు ఆ పేరు వాడినట్టు చెబుతారు. ఆ పేరే ఖాయమైపోయింది. కాలక్రమాన ఇంగ్లీషులో 'బాండికూట్' అంటే ముందుగా ఆస్ట్రేలియా జంతువే గుర్తుకు వచ్చే స్థితి ఏర్పడింది. అసలు పందికొక్కును ఇప్పుడు 'బాండికూట్ ర్యాట్' అని విడదీసి చెప్పవలసి వస్తోంది. పేరు పెట్టిన ఇంటివాడు అరుగు మీద, అద్దెకు వచ్చినవాడు గదిలో అన్నట్టయింది.

చూపుకు దగ్గరగా ఉన్నా ఈ రెండు జంతువులకూ చుట్టరికం లేదు. ఆస్ట్రేలియా బాండికూట్ శిశుకోశ క్షీరదం, అనగా కంగారూ మాదిరి పొట్టకు సంచి ఉన్న జంతువు. ఆ వంశమూ మన వంశమూ విడిపోయి పదిహేను కోట్ల సంవత్సరాలకు పైనే అయింది. ఆ లెక్కన చూస్తే మన పొలంలోని పందికొక్కుకు ఆ బాండికూట్ కంటే గేదె దగ్గర చుట్టం, ఏనుగు దగ్గర చుట్టం, ఈ వ్యాసం చదివేవారూ దగ్గర చుట్టమే. పోల్చుకోవడం కష్టం కాదు, నోరు తెరిచి చూస్తే చాలు. ఎలుకజాతికి ముందర పైన ఒక జత, కింద ఒక జత ఉలిపళ్ళు, అవి బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. అందుకే కొరకడానికి ధాన్యం లేకపోయినా తలుపు కొరుకుతుంది. బాండికూట్‌కు ముందువరుస నిండా సన్నని చిన్న పళ్ళు, పురుగుల్ని పట్టి తినడానికి పనికివచ్చేవి. వెనకకాలు చూస్తే రెండో వేలూ మూడో వేలూ కలిసిపోయి ఉంటాయి.

వాటిల్లో నాకు బాగా నచ్చింది సంచి. కంగారూ సంచి ముందుకు తెరుచుకుంటుంది. బాండికూట్ సంచి వెనక్కి తెరుచుకుంటుంది. ఎందుకంటారా? అది ముందుకాళ్ళతో మట్టి తవ్వి వెనక్కి చిమ్ముతుంది. సంచి ముందుకు తెరుచుకుని ఉంటే గుంటలో మట్టంతా పిల్లల మొహాన పడేది. కొన్ని బాండికూట్ల గర్భధారణ కాలం పన్నెండున్నర రోజులే, క్షీరదాలన్నిటిలోకీ అతి తక్కువ కాలాల్లో ఒకటి. పరీక్ష ఫీజు కట్టి హాల్ టికెట్టు వచ్చేలోపల తల్లి అయిపోతుందన్నమాట. పుట్టిన పిల్లలు చిక్కుడు గింజకంటే చిన్నవి. మిగతా పెంపకమంతా సంచిలోనే జరుగుతుంది.

ఇంకో ముచ్చట. ఆస్ట్రేలియా నడిబొడ్డున ఎడారి భూముల్లో ముందుకాళ్ళు పందికాళ్ళలా, రెండు గిట్టలుగా ఉండే బాండికూట్ ఒకటి ఉండేది. దాన్ని ఇంగ్లీషులో 'పందికాళ్ళ బాండికూట్' అన్నారు. ఆ పేరును మళ్ళీ తెలుగులోకి తెస్తే 'పందికాళ్ళ పందికొక్కు' అవుతుంది. ఒకే పేరులో రెండు పందులు! ఆ జంతువు 20వ శతాబ్దిలోనే భూమిమీద లేకుండా పోయింది.

ఇక ఆట దగ్గరకు వద్దాం. నాటీ డాగ్ అనే చిన్న కంపెనీ పెట్టుకున్న ఆండీ గావిన్, జేసన్ రూబిన్ అనే ఇద్దరు యువకులు 1994లో బోస్టన్ నుంచి లాస్ ఏంజెలిస్‌కు కారులో వెళుతూ, దారి పొడుగునా ఈ ఆట గురించి మాట్లాడుకున్నారట. అప్పటికి సెగా కంపెనీవారు 1991లో తెచ్చిన 'సోనిక్' బాగా ఆడుతోంది. అందులో హీరో ఒక ముళ్ళపంది. ఆట రాకముందు అలాంటి జంతువు గురించి ఆలోచించిన పిల్లలు ఎందరు? ఎవరికీ అంతగా తెలియని జంతువును తీసుకుంటే ఆ పేరు మన సొంతమవుతుందన్న సూత్రం వీళ్ళకు అందులో దొరికింది. టాస్మేనియా క్షీరదాల పుస్తకం ఒకటి కొని తిరగేశారు. మొదట వాంబాట్ అనే జంతువును అనుకుని 'విల్లీ ది వాంబాట్' అని తాత్కాలికంగా పేరు కూడా పెట్టుకున్నారు. చివరికి బాండికూట్ నెగ్గింది. చార్లెస్ జెంబిల్లాస్, జో పియర్సన్ అనే చిత్రకారులు రూపం గీశారు. ఆ కారులో గాని, ఆ గదిలో గాని, తాము ఎంచుకున్నది తెలుగు మాట అని ఎవరికైనా తట్టి ఉంటుందనుకోను.

ఆ రూపం చూస్తే చిత్రకారుడి ఇష్టం సగం, భౌతికశాస్త్రం సగం అని నా అభిప్రాయం. నారింజరంగు ఎందుకు? దీవుల నేపథ్యమంతా ఆకుపచ్చ, మట్టిరంగు. దాని మీద కొట్టొచ్చినట్టు కనబడాలి. ఎరుపు వేద్దామంటే, ఆనాటి గాజుగొట్టపు టీవీల్లో ఎరుపు పక్కకు కారినట్టు అలుక్కుపోయేది. మెడ ఎందుకు లేదు? తెర మీద హీరో చాలా చిన్నగా కనబడతాడు కనుక ముఖం పెద్దదిగా ఉండాలి. తల పెద్దదైతే మెడకు చోటు లేదు. తోక ఎందుకు లేదు? సన్నని తోక ఆ తక్కువ చుక్కల తెర మీద ఉందా లేదా అన్నట్టు మినుకుమినుకుమనేది. చేతితొడుగులు ఎందుకంటే, చేతులు ఎక్కడున్నాయో కనబడడానికి. వీపు మీద మచ్చలు ఎందుకంటే, ఆడేవాడికి ఎప్పుడూ కనబడేది వీపే కనుక. వాడు ఎప్పుడూ మనకు వీపు చూపించి తెరలోపలికి పరిగెడుతూ ఉంటాడు, ముఖం కనబడదు. ఆ లోటు తీర్చడానికే కొన్ని ఘట్టాల్లో వాడిని మనవైపు పరుగెత్తించి వెనకనుంచి పెద్ద బండరాయి దొర్లించారు.

త్రిపరిమాణ చిత్రాలన్నీ కంప్యూటర్‌కు చిన్న చిన్న ముక్కల కూర్పే. క్రాష్ శరీరం మొత్తం 512 బహుభుజి ముక్కలు. ప్రతి ముక్క మీదా బొమ్మకాగితం అతికించినట్టు అల్లిక పరిస్తే యంత్రానికి పని పెరుగుతుంది. కనుక ఒంటికంతటికీ ఉత్త రంగులే వేసి, వీపు మచ్చలకూ బూట్ల లేసులకూ మాత్రమే అతికింపు వాడారు. అలా మిగిలిన శక్తిని ఎక్కువ ముక్కలకు ఖర్చు పెట్టారు. అందుకే వాడి ముఖం అంత చక్కగా సాగుతుంది, ముడుచుకుంటుంది.

అసలు ఇబ్బంది మెమరీ. ప్లేస్టేషన్ ప్రధాన మెమరీ 2 మెగాబైట్లు. ఇప్పుడు మామూలు ఫోనులో 4 గిగాబైట్లు ఉన్నాయనుకుంటే ఇది దానిలో 2,048వ వంతు. ఒక్కొక్క ఘట్టంలోని అడవి, రాళ్ళు, పెట్టెలు, సంగీతం అందులో పట్టవు. సీడీలో ఆరువందల మెగాబైట్ల పైచిలుకు చోటు ఉంది గాని, దానినుంచి సెకనుకు 300 కిలోబైట్లు మాత్రమే చదవగలదు. గావిన్ ఆ ఘట్టాన్నంతా 64 కిలోబైట్ల పేజీలుగా కోసిపెట్టాడు. హీరో ముందుకు సాగుతూ ఉంటే రాబోయే పేజీలు సీడీ నుంచి లోపలికి, దాటిపోయిన పేజీలు బయటికి. వరిపొలం ఉన్నవారికి ఇది ఇట్టే బోధపడుతుంది. కాలువలో నీళ్ళు కొంచెమే ఉంటే మళ్ళన్నిటికీ ఒకేసారి పెట్టలేం. ఒక మడి తడిశాక మడవ కట్టి, పై మడికి తిప్పుతాం. గావిన్ చేసినది మడవ తిప్పడమే. లెక్క వేయండి: 64ను 300తో భాగిస్తే సెకనులో అయిదో వంతుకు కాస్త ఎక్కువ. సెకనుకు ముప్ఫై బొమ్మలు మారే ఆటలో అది ఆరు బొమ్మల కాలం, అదీ సీడీ మీద ఆ చోటు వెతుక్కునే వ్యవధి కలపకుండా. హీరో అక్కడికి చేరాక తెద్దాంలే అంటే ఆలస్యమైపోతుంది. కాబట్టి ముందే తెచ్చిపెట్టుకోవాలి. దానికి తగ్గట్టు సీడీ మీద ఏ పేజీ పక్కన ఏ పేజీ ఉండాలో కూడా చూసుకోవాలి.

రెండో ఇబ్బంది, ఏది ముందు ఏది వెనక అన్నది. కొండ ముందు చెట్టు ఉంటే ముందు కొండ గీసి తరువాత దాని మీద చెట్టు గీయాలి. తిరగబడితే చెట్టు కొండలోకి పోతుంది. ఏ చుక్క ఎంత లోతున ఉందో గుర్తు పెట్టుకునే ఏర్పాటు ఆ యంత్రంలో లేదు. ముక్కలన్నిటినీ ప్రతి బొమ్మకూ దూరం ప్రకారం పేర్చుకోవాలంటే సమయం చాలదు. వాళ్ళు చేసిన ఉపాయం ఏమిటంటే, కెమెరాకు స్వేచ్ఛ ఇవ్వలేదు. కొత్తవలస నుంచి అరకు ఎక్కే రైలు కిటికీలోంచి చూసేవాడికి ఏ మలుపులో ఏ లోయ కనబడుతుందో ముందే నిశ్చయమై ఉన్నట్టు, ఇక్కడ కూడా కెమెరా గీసిన గీత మీదే నడుస్తుంది. ఎక్కడ నిలబడితే ఏ ముక్కలు కనబడతాయో, ఏ వరసలో గీయాలో, పెద్ద కంప్యూటర్ల మీద గంటల తరబడి ముందే లెక్క కట్టి సీడీలో పెట్టేశారు. ఆడేటప్పుడు యంత్రం ఆ జవాబు చదువుకుంటుంది. పరీక్షకు ముందు జవాబులు రాసిపెట్టుకోవడం అన్ని చోట్లా నేరం కాదన్నమాట.

గావిన్ ఎం.ఐ.టి.లో చదివినవాడు. జంతువుల, శత్రువుల ప్రవర్తన రాయడానికి లిస్ప్ అనే పాత భాష ఆధారంగా తన సొంత భాష ఒకటి అల్లుకున్నాడు. ఇంకో చిన్న దయ కూడా ఆ ఆటలో ఉంది. ఆడేవాడు ఒకేచోట పదే పదే చచ్చిపోతూ ఉంటే, ఆట ఆ సంగతి కనిపెట్టి, వాడికి తెలియకుండానే ఒక రక్షణ ముసుగు ఇస్తుంది, లేదా దగ్గరలో ఒక పెట్టెను మజిలీగా మారుస్తుంది. బాగా ఆడేవాడికి ఇది కనబడనే కనబడదు. మన పరీక్షాధికారులు ఈ ఒక్క అంశం పరిశీలిస్తే బాగుండును.

మా తమ్ముడు ఫోనులో ఈ ఆట ఆడుతూ ఉంటే మా నాన్న చూసి అడిగాడు.

"ఏటిరా అది?"

"పందికొక్కు, నాన్నా."

"పందికొక్కా? దానికి జోళ్ళు కూడానా!"

కాసేపు నవ్వాడు. ఆ తరువాత చాలాసేపు చూశాడు. చివరికి, "ఇదేటి, కన్నాలు తవ్వదేటిరా?" అన్నాడు. ఈ ప్రశ్నకు తమ్ముడి దగ్గర జవాబు లేదు. 1997లో వచ్చిన రెండో భాగంలో హీరో కొన్నిచోట్ల నేలలోకి దూరి తవ్వుకుపోతాడని తరువాత చూపించాక గాని మా నాన్న ఆ జంతువును పందికొక్కుగా ఒప్పుకోలేదు.

ఆయన అలా అడగడానికి కారణం ఉంది. పొట్ట మీద ఉన్న వరిని పందికొక్కు మొదలంటా కొరుకుతుంది. గింజ పట్టాక వెన్నులు కోసి కలుగులోకి లాక్కుపోతుంది. తిన్నంత తిని ఊరుకోదు, దాస్తుంది. ఒక్కొక్క కలుగులో కిలోల కొద్దీ ధాన్యం దొరుకుతుంది. కోతలయ్యాక గట్లు తవ్వి ఆ ధాన్యం ఏరుకుని దానితో కొన్నాళ్ళు గడుపుకునే కుటుంబాలు ఉండేవంటే, రైతు ఎంత పోగొట్టుకుంటున్నాడో ఊహించవచ్చు. పైగా గట్టుకు బెజ్జం పడితే రాత్రికి రాత్రి మడి ఎండిపోతుంది. చెరకు తోటలో మొదలు కొరికితే గడ పడిపోయి పులుస్తుంది, బెల్లానికి పనికిరాదు. అనకాపల్లి ప్రాంతంలో ఈ బాధ తెలియని రైతు లేడు. ఎలుకజాతి మూత్రం కలిసిన నీటిలో దిగి పనిచేసేవాళ్ళకు లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం అంటుకునే ప్రమాదం కూడా ఉంది. పల్లెలే కాదు, రేవులకూ ఈ భయం ఉంది. మన హార్బరులో ఓడలను కట్టిన మోకులకు గుండ్రని రేకు పళ్ళేలు తగిలించి ఉండడం చూసే ఉంటారు. అవి అలంకారం కాదు. మోకు మీదుగా ఎలుకలు ఓడ ఎక్కకుండా, దిగకుండా పెట్టే అడ్డులు.

దీన్ని పట్టే పద్ధతి కూడా శాస్త్రమే. సాయంత్రం పొలమంతా తిరిగి కన్నాలన్నీ మట్టితో మూసేస్తారు. తెల్లవారి ఏవి మళ్ళీ తెరుచుకున్నాయో అవే జీవమున్న కన్నాలు. ఎర అక్కడే పెట్టాలి. బ్రోమోడయోలిన్ మందైతే 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు మందు కలిపి పొట్లాలు కట్టి కన్నంలో పెట్టమని వ్యవసాయశాఖవారు చెబుతారు. అది రక్తం గడ్డకట్టకుండా చేసే మందు. చావు కొన్ని రోజుల తరువాత వస్తుంది కనుక మిగతావాటికి అనుమానం తగలదు. జింకు ఫాస్ఫైడు అలా కాదు, వెంటనే చంపుతుంది. అందుకని దాన్ని పెట్టే ముందు రెండు రోజులు ఉత్త నూకలు పెట్టి మచ్చిక చేయాలి. లేకపోతే ఒకటి తిని చచ్చిందంటే మిగతావి ఆ ఎర ముట్టవు. ఇంత తెలివి దానికి డాక్టర్ నియో కార్టెక్స్ యంత్రం అవసరం లేకుండానే ఉంది. మందు తిన్న కొక్కును గుడ్లగూబ తింటే గుడ్లగూబకూ ప్రమాదమే. జెర్రిపోతును చూడగానే కర్ర తీసే మనం, ఒక్క జెర్రిపోతు ఆ పొలంలో ఎన్ని పొట్లాల పని చేస్తుందో లెక్క వేయం.

ఇక ఆట చరిత్రలో రైతు పిల్లలకు పరిచితమైన ఘట్టం ఒకటి ఉంది. నాటీ డాగ్ వాళ్ళు 1996 నుంచి 1999 దాకా ఏటా ఒకటి చొప్పున నాలుగు ఆటలు తయారుచేశారు. మొదటిది ఒక్కటే అరవై లక్షల ప్రతులకు పైగా అమ్ముడుపోయింది. కాని ఆ హీరో మీద హక్కు వాళ్ళది కాదు, పెట్టుబడి పెట్టిన యూనివర్సల్ వాళ్ళది. దున్నింది వీళ్ళు, పట్టా వాళ్ళ పేర. నాలుగో పంట తరువాత కౌలు వదిలేసి వెళ్ళిపోయారు. 2001లో వాళ్ళ కంపెనీని సోనీ కొనేసింది. హీరో మాత్రం చేతులు మారుతూ, కొన్ని మంచి ఆటలు, ఎక్కువ ఓ మోస్తరు ఆటలు చూసి, యాక్టివిజన్ చేతికి వచ్చాడు. 2017లో మొదటి మూడింటినీ కొత్తగా తీర్చిదిద్ది విడుదల చేస్తే ఆనాటి పిల్లలు పెద్దవాళ్ళై ఎగబడి కొన్నారు. 2020లో మరొకటి వచ్చింది. 2021 మార్చిలో ఫోనులకోసం వచ్చిన పరుగు ఆట 2023 ఫిబ్రవరిలో మూతపడింది. ఆ అక్టోబరులో యాక్టివిజన్‌ను మైక్రోసాఫ్ట్ కొన్నది. ఈ విధంగా పందికొక్కుకు ఇప్పుడు ప్రపంచంలోని అతి పెద్ద గాదెలలో ఒకదానిలో చోటు దొరికింది.

క్రాష్‌కు మూలమని చెప్పే తూర్పుచారల బాండికూట్ కథ ఇంత సుఖంగా లేదు. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రపు గడ్డిమైదానాలలో ఒకప్పుడు అది విరివిగా ఉండేది. వలస వచ్చినవాళ్ళు వేట సరదాకు ఐరోపా నక్కలను తెచ్చి వదిలారు, మైదానాలను దున్నేశారు. ఆ ప్రాంతంలో అడవి బతుకు బతికే బాండికూట్ ఒక్కటీ లేకుండా పోయింది. పట్టి పెంచిన కొద్ది జంతువుల సంతతిని కంచెలు కట్టిన చోట్లా, నక్కలు లేని దీవుల్లోనూ, గొర్రెలను కాచే జాతి కుక్కలను కాపలా పెట్టీ ముప్ఫై ఏళ్ళపాటు పెంచుకుంటూ వచ్చారు. 2021లో దాన్ని 'అడవిలో అంతరించినది' అనే జాబితా నుంచి 'ప్రమాదంలో ఉన్నది' అనే జాబితాకు మార్చారు. ఆస్ట్రేలియాలో అలా జాబితా మారిన మొదటి జంతువు అదే. ఒకే పేరున్న రెండు జంతువుల్లో ఒకదానికి మనం పొట్లం కడుతున్నాం, ఇంకొకదానికి వాళ్ళు కాపలా కుక్కను కడుతున్నారు. ఎవరి పొలం ముందు నిలబడి చూస్తే వారిదే న్యాయమనిపిస్తుంది.

నాకు మరొకటి కూడా అనిపించింది. ఆ జంతువుకు పేరు లేక మన పేరు పెట్టారనుకోవడం సరికాదు. అక్కడ వేల సంవత్సరాలుగా మనుషులు ఉన్నారు, వాళ్ళకు భాషలున్నాయి, ఆ భాషల్లో ప్రతి జంతువుకూ పేరు ఉంది. ఓడ దిగినవాడు ఎవరినీ అడగకుండా జేబులో ఉన్న తెలుగు మాట తీసి అతికించాడు, అంతే. పడమటి ఆస్ట్రేలియాలో నూంగార్ అనే ఆదివాసుల భాషలో ఒకరకం బాండికూట్‌ను 'క్వెండా' అంటారు. ఆ ప్రాంతంలో ఈనాడు శాస్త్రజ్ఞులూ, ఇళ్ళ దొడ్లలో దాన్ని చూసే మామూలు జనమూ కూడా క్వెండా అనే పిలుస్తున్నారు.